గోడకూ కాన్వాసుకూ నడుమ చిత్రకారుడి పనిదినం

చిత్రకారుల గురించి వచ్చే రాతలు ఎక్కువగా ప్రదర్శనల చుట్టూ, పురస్కారాల చుట్టూ తిరుగుతాయి కాని, చిత్రకారుడి ఏడాదిలో ప్రదర్శనకు దక్కేది కొద్ది రోజులే. మిగిలిన కాలమంతా పని వెతుక్కోవడం, ఒప్పుకున్నదాన్ని గడువులోగా ముగించడం, రావలసిన డబ్బు రాబట్టుకోవడం, వీటి మధ్య చిక్కిన గంటల్లో సొంత బొమ్మ వేసుకోవడంతోనే గడిచిపోతుంది. ఈ పనిదినం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి హైదరాబాదు గ్యాలరీల కంటే సూర్యాపేట జిల్లా గరిడేపల్లి వంటి మండల కేంద్రమే తగిన చోటు, ఎందుకంటే ఇటువంటి ఊళ్లలో కూటి కోసం చేసే పనీ, మనసు కోసం చేసే పనీ ఒకే చేతి మీదుగా, తరచు ఒకే రోజున నడుస్తాయి.

ఈ జిల్లాకు కళ కొత్తది కాదు. ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లాయి. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్ల వంశీయులు 13వ శతాబ్ది తొలినాళ్లలో ఆలయాలు కట్టించారు. ఆ శిల్పులను బౌద్ధ సంఘమూ, సామంతులూ పోషిస్తే, నేటి చిత్రకారుణ్ని పోషించేది కిరాణా దుకాణం, రైస్ మిల్లు, గ్రామ పంచాయతీ, ప్రభుత్వ పాఠశాల. గరిడేపల్లి, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతం నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కావడంతో ఇక్కడ డబ్బు వరి పంట వెంట కదులుతుంది. వానకాలం, యాసంగి ధాన్యం అమ్ముడైన తర్వాతే కొత్త దుకాణాలు తెరుచుకుంటాయి, ట్రాక్టర్ ట్రాలీలకు రంగులు పడతాయి, పెళ్లిళ్లకు స్టేజీ అలంకరణలు మొదలవుతాయి. కాలువకు నీళ్లు రాని ఏడాది రైతుతోపాటు ఆర్టిస్టుకూ చేతిలో పని తగ్గుతుంది.

రేకు బోర్డు రాయడం చూసేవారికి తేలికగా కనిపిస్తుంది కాని అందులో ఒక వరుస ఉంది, ఆ వరుస తప్పితే బోర్డు నిలవదు. తుప్పు పట్టకుండా రేకుకు ముందు రెడాక్సైడ్ పూస్తారు, అది ఆరాక అక్షరాల వెనుక ఉండే నేలరంగును రెండు పూతలు వేస్తారు. సుద్దపొడి పట్టించిన దారాన్ని రెండు కొసలా బిగించి లాగి వదిలితే రేకు మీద తిన్నని గీత పడుతుంది, ఆ గీతల నడుమ సుద్దముక్కతో అక్షరాల ఆకారం గీసుకుని, టర్పెంటైన్ కలిపి పలుచన చేసిన ఎనామిల్ రంగును చదునైన కుంచెతో నింపుతారు. తెలుగు బోర్డులో అసలు కష్టం ఒత్తుల దగ్గర వస్తుంది: ‘శ్రీ లక్ష్మీ’ అని మొదలయ్యే పేరుకు పైన గుడి దీర్ఘానికీ కింద ఒత్తులకూ చోటు వదలకపోతే, కింది వరుసలో రావలసిన ఊరి పేరూ ఫోన్ నంబరూ ఇరుకున పడతాయి కాబట్టి, చేయి తిరిగిన ఆర్టిస్టు రంగు డబ్బా మూత తీయకముందే పేరు మొత్తాన్ని కంటితో కొలుచుకుంటాడు. ఎండ ముదిరితే రేకు కాలిపోతుంది, కుంచెలోని రంగు సాగదు. అందువల్ల వేసవిలో ఈ పని తెల్లవారుజామునా సాయంత్రమూ మాత్రమే సాగుతుంది.

ఫ్లెక్సీ, అంటే ప్లాస్టిక్ పూత ఉన్న గుడ్డ మీద యంత్రంతో ముద్రించే బ్యానరు, 2000 తర్వాత చిన్న పట్టణాలకు వ్యాపించి ఈ బతుకుతెరువును దాదాపుగా కబళించింది. ఒక పూట పట్టే పనిని యంత్రం నిమిషాల్లో ముగించడంతో కొందరు ఇళ్లకు రంగులు వేసే పనికి మళ్లారు, కొందరు కంప్యూటర్ డిజైనింగ్ నేర్చుకుని ఫ్లెక్సీ దుకాణాల్లోనే కుదురుకున్నారు. చేతిపనికి మిగిలినవి గోడలు: ఎన్నికల రాతలు, పంచాయతీ నినాదాలు, బడి గోడల మీద పటాలు, జంతువులు, జాతీయ నాయకుల ముఖాలు. 2022లో తెలంగాణ ప్రభుత్వం ‘మన ఊరు - మన బడి’ పేరుతో పాఠశాలలను బాగుచేయించే కార్యక్రమం చేపట్టినప్పుడు గోడలకు రంగులు వేయడం కూడా అందులో భాగమైంది. ఇటువంటి పనులకు కూలి సాధారణంగా చదరపు అడుగు లెక్కన కడతారు. ఒకే రంగు పూసిన గోడకూ, అంబేడ్కర్ ముఖంలోని ఆలోచనను పట్టుకోవలసిన గోడకూ అడుగు ఒకటే అయినప్పుడు, చిత్రకారుడి నైపుణ్యానికి ఆ లెక్కలో చోటే ఉండదు. ఈ పద్ధతి అన్యాయమైనది, దాన్ని మార్చడం కష్టమూ కాదు. బొమ్మకూ పూతకూ వేర్వేరు ధరలు రాసుకుంటే చాలు.

ప్రభుత్వ పథకాలు కూడా ఈ మనిషిని సూటిగా గుర్తించవు. చేతివృత్తుల వారికి శిక్షణ, పనిముట్లు, తక్కువ వడ్డీ రుణం ఇవ్వడానికి 2023 సెప్టెంబరులో ఆరంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో శిల్పులూ బొమ్మలు చేసేవారూ ఉన్నారు కాని బోర్డులు రాసేవారు లేరు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కింద ఇళ్ల పెయింటరుగా నమోదై లేబర్ కార్డు పొందే వీలుంది. అయితే అక్కడ అతను గోడకు రంగు పూసే కార్మికుడే గాని గోడ మీద బొమ్మ వేసే కళాకారుడు కాడు.

సొంత చిత్రానికి మిగిలేది రాత్రి. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, రంగు లోపలికి ఇంకిపోకుండా తెల్లని ప్రైమర్ పూసి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేసరికే ఒకటి రెండు రాత్రులు గడుస్తాయి. నూనె రంగులు ఆరడానికి రోజులు పడతాయి కాబట్టి ఒకే గది ఉన్న ఇంట్లో, పిల్లలు తిరిగే చోట తడి కాన్వాసును కాపాడుకోవడం కష్టం. నీటిలో కలిసే ఆక్రిలిక్ రంగులు త్వరగా ఆరతాయని వాటికి మళ్లితే, మే నెల వేడికి అవి పళ్లెంలోనే గట్టిపడతాయి. స్త్రీలకు ఆ రాత్రి గంటలు కూడా పూర్తిగా దక్కవు; వంటా ఇంటిపనీ ముగిశాక కూర్చునే సమయంలో చీరల మీద వేసే ఫ్యాబ్రిక్ పెయింటింగ్ ఆర్డర్లే ముందుకు వస్తాయి, పిల్లలకు డ్రాయింగ్ నేర్పే సాయంత్రపు తరగతులు ఇంటి ఖర్చుకు పోతాయి, సొంత బొమ్మ ఎప్పుడూ రేపటికే వాయిదా పడుతుంది.

జీతానికో కూలికో ఒక పని చేస్తూ కళను నిలబెట్టుకోవడం పెద్ద చిత్రకారుల జీవితాల్లోనూ ఉన్నదే. కాపు రాజయ్య (1925–2012) డ్రాయింగ్ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, సిద్దిపేటను విడవకుండానే పల్లె జీవితాన్ని చిత్రించారు. తోట వైకుంఠం బి. నర్సింగరావు సినిమా ‘దాసి’కి కళా దర్శకత్వం వహించి జాతీయ పురస్కారం పొందారు, పూర్వపు నల్గొండ జిల్లా కదిరేనిగూడెంలో పుట్టిన ఏలె లక్ష్మణ్ బోర్డులు రాసే పనితో మొదలై 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని రూపొందించే దాకా ఎదిగారు. 1966లో మద్రాసు సమీపంలో కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వాన చోళమండలం కళాకారుల గ్రామాన్ని స్థాపించినవారు బాటిక్ గుడ్డలు, చేతిపని వస్తువులు అమ్మి తమ ఖర్చులు గడుపుకున్నారు. వీరిలో ఎవరికీ తిండి పెట్టిన పని కళను తక్కువ చేయలేదు. చేయి ఆగకుండా ఉండడానికి అది తోడ్పడిందనే చెప్పాలి.

చిత్రానికి ధర కట్టడం ఈ వృత్తిలో అన్నిటికంటే బెరుకు పుట్టించే ఘట్టం. కొనేవారి కంటికి కనిపించేది కాన్వాసు మీది రంగే గాని, దానికి ముందు చించేసిన స్కెచ్‌లు, పొలం గట్టు మీద నాట్లు వేసే ఆడవాళ్ల నడుము వంపును గమనిస్తూ గడిపిన ఉదయాలు, హైదరాబాదు నుంచి తెప్పించుకున్న రంగుల ఖర్చు, ఫ్రేము, రవాణా ఏవీ కనిపించవు. గ్యాలరీ ద్వారా అమ్మితే అమ్మకపు ధరలో మూడో వంతు నుంచి సగం దాకా కమీషన్‌గా పోవడం మామూలే. ఊళ్లో తెలిసినవారు బొమ్మ అడిగితే ఆ మాత్రం ధర కూడా నోటికి రాదు.

చట్టం ఇక్కడ కొంత అండగా ఉంది, కాని దాని షరతులు తెలియాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ తొలి హక్కుదారు వేయించుకున్న వ్యక్తే అవుతాడు. అంటే ఆ బొమ్మను క్యాలెండరు మీద అచ్చువేసుకున్నా చిత్రకారుడికి అదనంగా ఏమీ రాదు. తనకు తానుగా వేసుకున్న చిత్రం సంగతి వేరు: దాన్ని కొన్నవారు తర్వాత 10,000 రూపాయలకు మించిన ధరకు మరొకరికి అమ్మితే, ఆ మొత్తంలో 10 శాతానికి మించని వాటా కోరే హక్కు 53ఎ సెక్షన్ చిత్రకారుడికి ఇచ్చింది. కాపీరైట్ ఎవరి చేతిలో ఉన్నా, కృతిని తన పేరుతో గుర్తించాలని అడిగే హక్కు, తన ప్రతిష్ఠ దెబ్బతినేలా పాడుచేస్తే ప్రశ్నించే హక్కు 57వ సెక్షన్ కింద కళాకారుడికే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి పాడుచేసినందుకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఈ హక్కు ఆధారంగానే పోరాడి, 2005లో ఢిల్లీ హైకోర్టు నుంచి 5 లక్షల రూపాయల పరిహారమూ మిగిలిన శకలాలూ సాధించుకున్నారు. గరిడేపల్లిలో గోడ బొమ్మకైనా, మిర్యాలగూడ మిల్లు యజమాని అడిగిన చిత్రానికైనా బయానా తీసుకునే రోజునే ఒక తెల్లకాగితం మీద బొమ్మ కొలత, ధర, గడువు, అచ్చువేసుకునే హక్కు ఎవరిది, చిత్రకారుడి పేరు ఎక్కడ ఉండాలి అనే అయిదు సంగతులు రాసుకుని ఇద్దరూ సంతకం చేస్తే, ఈ చట్టం ఆ చిన్న ఊరి పనికి కూడా అక్కరకు వస్తుంది.