ముందే పడిన ముద్ర

2004 మార్చి 11న మాడ్రిడ్ లోకల్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. ఓ స్టేషన్ దగ్గర వదిలేసిన వ్యానులో డిటోనేటర్లున్న నీలం ప్లాస్టిక్ సంచి దొరికింది. దాని మీద ఓ వేలిముద్ర. స్పెయిన్ పోలీసులు దాని ఫొటో పంపితే, ఎఫ్‌బీఐ కంప్యూటర్ దగ్గరి పోలికలున్న 20 మందిని ఏరిపెట్టింది. అందులో నాలుగోవాడు ఒరెగాన్ రాష్ట్రంలోని వకీలు బ్రాండన్ మేఫీల్డ్. ముద్ర ఇతనిదేనని నిపుణుడు తేల్చాడు. మరో ఇద్దరు సరిచూసి అవునన్నారు. ఏప్రిల్‌లో స్పెయిన్ వాళ్లు కాదని రాసినా వినలేదు. మే 6న అరెస్టు. మే 19న కోర్టు నియమించిన స్వతంత్ర నిపుణుడూ అవుననే అన్నాడు. ఆ రోజే స్పెయిన్ నుంచి కబురు: ముద్ర ఒక అల్జీరియా దేశస్థుడిది!

మేఫీల్డ్ ఇస్లాం స్వీకరించినవాడు. ఇంకేం, మతద్వేషమే అనేస్తాం. కానీ 2006లో అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక చెప్పింది వేరు. మొదటిసారి పోల్చినప్పుడు ఆ నిపుణులకు అతని మతం సంగతే తెలీదు. రెండు ముద్రలకూ నిజంగానే అరుదైన పోలిక ఉంది. అది చూసి గురి కుదిరాక, మేఫీల్డ్ వేలి మీద ఉన్న గీతలు సంచి మీది ముద్రలోనూ వాళ్లకు కనిపించసాగాయి. మసకబారిన చోట చీలికలు తేలాయి. పొసగని భాగం ఇంకో వేలు తగిలి పడిందని సర్దిచెప్పుకున్నారు. మేఫీల్డ్ మతం సంగతి ఆ తర్వాత తెలిసింది. మళ్లీ మొదట్నుంచి చూద్దామన్న ఆలోచన రాకుండా అది అడ్డుపడి ఉండొచ్చంది నివేదిక.

నాకు ద్వేషం కన్నా ఇదే ఎక్కువ భయం పుట్టిస్తుంది. ద్వేషించేవాణ్ని కనీసం గుర్తుపట్టొచ్చు. వీళ్లు తలవంచుకుని పని చేసుకునే మనుషులు, ఆ విద్యలో తలపండినవాళ్లు.

మనస్తత్వ పరిశోధకుడు ఇటియెల్ డ్రోర్ బృందం ఇంకాస్త లోతుకు వెళ్లింది. ఐదుగురు అనుభవజ్ఞుల చేతికి తలా ఒక ముద్రల జత ఇచ్చి, ‘ఇవి ఎఫ్‌బీఐ పొరబడ్డ ఆ మాడ్రిడ్ ముద్రలే, ఆ సంగతి పక్కనపెట్టి చూడండి’ అన్నారు. నిజానికి అవి కొన్నేళ్ల కిందట వాళ్లే స్వయంగా ‘కలిశాయి’ అని తేల్చిన ముద్రలు. ఈసారి ముగ్గురు కలవలేదన్నారు. ఒకరు ఏమీ చెప్పలేమన్నారు. ఒక్కరే పాత మాట మీద నిలబడ్డారు. అవే గీతలు, అవే కళ్లు. పక్కనపెట్టమన్న సంగతే తీర్పు మార్చేసింది.

కాబట్టి ‘నేను నిష్పాక్షికంగా ఆలోచిస్తాను’ అని ఒట్టు పెట్టుకుని లాభం లేదు. పని వరస మార్చుకుంటే కొంత లాభముంది. సంఘటన స్థలంలో దొరికిన ముద్రలో ఏమేం కనిపిస్తున్నాయో ముందే రాసి పెట్టాలి, అనుమానితుడి ముద్రను ఆ తర్వాతే తెరవాలి. మేఫీల్డ్ వ్యవహారం తర్వాత ఎఫ్‌బీఐ ఈ దారికే వచ్చింది. మనకూ ఇది కొత్తేం కాదు. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లే జవాబుపత్రం మీద హాల్‌టికెట్ నంబరు చింపేసి కోడ్ పెట్టేది ఇందుకే. ఆ పని ఎంత అవసరమో రెమా హన్నా, లీ లిండెన్ మనదేశంలోనే చేసిన పరిశోధన చూపింది. జవాబుపత్రాల మీద కులం వివరాలు తారుమారు చేసి టీచర్లకిస్తే, కింది కులమని రాసున్న వాటికి కాస్త తక్కువ మార్కులు పడ్డాయి. తక్కువ వేసినవాళ్లలో ఎక్కువగా కనిపించింది ఆ కులాల టీచర్లే. దీన్ని ఏ ఖాతాలో వేస్తారు?

పరీక్షకు కోడ్ ఉంది. ఇల్లు అద్దెకివ్వడానికి లేదు. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ‘మీ ఇంటిపేరేంటండీ?’ అనేది రెండో ప్రశ్న. ‘నాకు అలాంటి పట్టింపుల్లేవండీ, ఊరికే అడిగా’ అంటాడు ఓనరు, ఆ క్షణానికి నిజాయితీగానే. సాయంత్రానికల్లా కారణాలు వరసకడతాయి: వాళ్లు నలుగురు, మనకు నీళ్ల ఇబ్బంది, నాన్‌వెజ్ వాసన అమ్మకు పడదు. ఒక్కోటీ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. రెండ్రోజుల తర్వాత అదే పోర్షన్‌లో ఆరుగురు దిగుతారు.