స్థానం వీడని సారథి

అమెరికా ప్రజలకు అత్యంత ప్రీతిపాత్రమైన క్రీడ అమెరికన్ ఫుట్‌బాల్. పేరు ఒకటే అయినా, మన దేశంలో ఆడే ఫుట్‌బాల్‌కూ దీనికీ పోలిక చాలా తక్కువ. ఇందులో బంతి కోలగా, రెండు కొనల వద్ద మొనదేలి ఉంటుంది. నూరు గజాల మైదానంలో పదకొండు మంది చొప్పున రెండు జట్లు తలపడతాయి. బంతి చేతనున్న జట్టు నాలుగు ప్రయత్నాలలో కనీసం పది గజాలు ముందుకు సాగాలి. లేనిచో బంతిని ప్రత్యర్థికి వదులుకోవాలి. బంతితో ప్రత్యర్థి హద్దుగీతను దాటడాన్ని ‘టచ్‌డౌన్’ అంటారు. దానికి ఆరు పాయింట్లు లభిస్తాయి.

ఈ క్రీడలో దాడికి సారథ్యం వహించేవాడు క్వార్టర్‌బ్యాక్. ఎత్తుగడను సహచరులకు తెలిపి, బంతిని అందుకొని, దానిని దూరానికి విసరాలా, పరుగెత్తేవానికి అందించాలా అన్నది రెండు మూడు క్షణాలలో తేల్చుకోవలసినవాడు అతడే. అంతలోనే భారీకాయులైన ప్రత్యర్థులు మీదికి దూసుకువస్తారు. కనుక ఈ స్థానానికి భుజబలంతో పాటు బుద్ధిబలం, నాయకత్వ లక్షణం అవసరం. ఈ కారణం చూపే నల్లజాతి యువకులను అనేక దశాబ్దాల పాటు ఈ స్థానానికి దూరంగా ఉంచారు. వారు వేగంగా పరుగెత్తగలరే కాని, ఆలోచించి జట్టును నడపలేరన్న దురభిప్రాయం శిక్షకులలో బలంగా పాతుకుపోయింది. 1968లో డెన్వర్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌గా రాణించిన మార్లిన్ బ్రిస్కో అంతటివాడు కూడా, మరుసటి ఏడాది వేరొక జట్టులో బంతిని అందుకునే ఆటగాడిగా మారవలసి వచ్చింది. అలా మారడానికి అంగీకరించని పట్టుదల వారెన్ మూన్‌ది.

మూన్ 1956లో లాస్ ఏంజిలెస్‌లో జన్మించాడు. ఏడేళ్ళ వయసులోనే తండ్రిని కోల్పోయాడు. నర్సుగా పనిచేస్తూ తల్లి కుటుంబాన్ని పోషించింది. ఆరుగురు అక్కచెల్లెళ్ళ మధ్య ఒక్కడే మగపిల్లవాడైన మూన్ వంట, కుట్టుపని నేర్చుకొని తల్లికి చేదోడుగా నిలిచాడు. పాఠశాల స్థాయిలోనే మేటి క్వార్టర్‌బ్యాక్‌గా పేరు పొందినా, స్థానం మార్చుకుంటేనే చేర్చుకుంటామని పలు విశ్వవిద్యాలయాలు షరతు విధించాయి. ఆయన అందుకు సమ్మతించక, ఒక చిన్న స్థానిక కళాశాలలో చేరి ఏడాది పాటు ఆడాడు. అనంతరం 1975లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఆయనను క్వార్టర్‌బ్యాక్‌గానే స్వీకరించింది. తొలినాళ్ళలో సొంత మైదానంలోని ప్రేక్షకులే ఆయనను ఎగతాళి చేశారు. ఆయన మాటలతో కాక, ఆటతో సమాధానమిచ్చాడు. 1978 జనవరిలో జరిగిన ప్రతిష్ఠాత్మకమైన ‘రోజ్ బౌల్’ పోటీలో వాషింగ్టన్ 27–20 తేడాతో మిషిగన్‌ను ఓడించింది. ఆ పోటీలో అత్యుత్తమ ఆటగాడు మూనే.

అయినప్పటికీ వృత్తి క్రీడాకారుల నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆయనకు ద్వారాలు తెరుచుకోలేదు. క్వార్టర్‌బ్యాక్‌గా తనకు తగిన ఆదరణ లభించదని గ్రహించిన మూన్, ఆటగాళ్ళ ఎంపిక జరగకముందే కెనడాకు చెందిన ఎడ్మంటన్ జట్టుతో ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఏటి ఎంపికలో ఏ జట్టూ ఆయనను కోరలేదు. కెనడాలో ఆట నియమాలు కొంత భిన్నమైనవి. మైదానం 110 గజాలు, జట్టుకు పన్నెండు మంది, పది గజాలకు మూడే ప్రయత్నాలు. మూన్ ఆ పద్ధతికి అలవాటుపడి అద్భుతంగా రాణించాడు. 1978 నుండి 1982 వరకు వరుసగా ఐదేళ్ళు ఎడ్మంటన్ జట్టు జాతీయ విజేతకిచ్చే ‘గ్రే కప్’ను గెలుచుకుంది. 1983లో ఆయన విసిరిన బంతుల ద్వారా జట్టు 5,648 గజాలు ముందుకు సాగింది.

ఒకనాడు కాదన్న అమెరికా జట్లే ఇప్పుడు ఆయన కోసం పోటీపడ్డాయి. 1984లో మూన్ హ్యూస్టన్ జట్టులో చేరాడు. 1990 డిసెంబరులో కాన్సస్ సిటీతో జరిగిన ఒక్క పోటీలోనే 527 గజాలు సాధించాడు. అయితే ఆయన జీవితం విజయాల పరంపర మాత్రమే కాదు. 1993 జనవరిలో బఫెలోపై 35–3 ఆధిక్యంలో ఉన్న హ్యూస్టన్ చివరకు 41–38 తేడాతో ఓడిపోయింది. అత్యున్నత పోటీ అయిన ‘సూపర్ బౌల్’లో ఆడే అవకాశం ఆయనకు ఎన్నడూ దక్కలేదు. అయినా నలభై నాలుగేళ్ళ వయసు వరకు, పదిహేడు సీజన్ల పాటు ఆ లీగ్‌లో కొనసాగి 49,325 గజాలు సాధించాడు.

2006లో అమెరికన్ ఫుట్‌బాల్ ప్రముఖుల గౌరవశాలలో మూన్‌కు స్థానం లభించింది. ఆధునిక కాలపు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లలో ఆ గౌరవం పొందిన తొలి వ్యక్తి ఆయనే. 2023 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో తొలిసారిగా రెండు జట్లకూ నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లే సారథ్యం వహించారు. వారు పాట్రిక్ మహోమ్స్, జేలెన్ హర్ట్స్. ఆ స్థానానికి వారు తగినవారా అని నాడు ఎవరూ ప్రశ్నించలేదు. ఆ ప్రశ్నకు తావులేకుండా చేసినవారిలో, తన స్థానాన్ని విడిచిపెట్టడం కన్నా దేశాన్ని విడిచి వెళ్ళడమే మేలని తలచిన మూన్ ఒకడు.