ఫోన్ మోగేదాకా చేయాల్సిన పని

కాలేయ మార్పిడి కోసం జీవన్‌దాన్ జాబితాలో మా అమ్మ పేరు ఎక్కిందని తెలిసినప్పటి నుంచి చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్నో నంబరు?" రేషన్ షాపు దగ్గర వరుసలాగా ముందొచ్చినవాళ్లకు ముందు ఇస్తారని, మన వంతు ఫలానా నెలలో వస్తుందని అనుకుంటారు. కాలేయం కోసం ఎదురుచూసేవాళ్ల వరుస అలా కదలదు. రక్తం గ్రూపు కుదరాలి. దాతకూ రోగికీ ఒడ్డూ పొడుగులో మరీ తేడా ఉండకూడదు. ఎవరి ప్రాణం ఎంత ప్రమాదంలో ఉందో చూస్తారు. ఉన్నట్టుండి కాలేయం పూర్తిగా చెడిపోయిన మనిషి నిన్ననే పేరు రాయించుకున్నా ముందుకొస్తారు. రావాలి కూడా.

తెలంగాణలో ఈ జాబితాను హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి కేంద్రంగా 2013 నుంచి ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ నడుపుతోంది. మనం నేరుగా వెళ్లి పేరు రాయించుకోలేం, అవయవ మార్పిడికి అనుమతి ఉన్న ఆస్పత్రే నమోదు చేస్తుంది. 65 ఏళ్లు దాటినవాళ్లను నమోదు చేయకూడదన్న పాత మార్గదర్శకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023లో తీసేసింది. అమ్మకు 67. ఆ మార్పు లేకపోతే మా ఇంట్లో ఈ ఎదురుచూపు కూడా ఉండేది కాదు.

తాగని మనిషికి లివరేంటి?

ఖమ్మంలో మా వీధిలో అందరికీ తెలిసిన ఇల్లాలు అమ్మ. మందు వాసన పడదు. అయినా పలకరించడానికి వచ్చినవాళ్లు గొంతు తగ్గించి "తాగని మనిషికి లివరేంటి?" అంటారు. ఏళ్ల తరబడి షుగరు, దానికి తోడు బరువు, కాలేయంలో పేరుకున్న కొవ్వు. ఆ కొవ్వు వాపుకు దారితీసి, వాపు మచ్చలుగా మారి, కాలేయమంతా గట్టిపడి సిరోసిస్ అయ్యేదాకా పెద్దగా నొప్పేమీ ఉండదు. పొట్టలో నీరు చేరాకే మాకు బయటపడింది. హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్లా ఇదే జరుగుతుంది, మద్యం వల్లా జరుగుతుంది. ఎందుకొచ్చినా ఆ మనిషికి కావాల్సింది వైద్యం. అందుకే అడిగినవాళ్లకు గొంతు తగ్గించకుండానే జవాబు చెబుతాను.

జబ్బు తీవ్రతను కొలవడానికి మెల్డ్ స్కోరు ఉంది. రక్తంలో బిలిరుబిన్, క్రియాటినిన్, సోడియం, రక్తం గడ్డకట్టే తీరును చెప్పే ఐఎన్ఆర్ కలిపి 6 నుంచి 40 దాకా ఒక అంకె వేస్తారు. అంకె పెరిగితే కాలేయం దొరికే అవకాశం పెరుగుతుంది, కానీ పెరిగిందంటే అమ్మ ఇంకాస్త క్షీణించిందనే కదా. రిపోర్టు తెరిచేటప్పుడు ఏ అంకె కోసం మొక్కుకోవాలో తెలియదు. మొదట్లో ఆ అంకె అమ్మకు చెప్పొద్దన్నాడు అన్నయ్య. అమ్మే అడిగింది: "నా ఒంట్లో సంగతి నాకు చెప్పరేంట్రా?" అప్పటి నుంచి రిపోర్టు ముందు అమ్మ చేతికే వెళుతుంది. ఆమెను అడగకుండా ఏ నిర్ణయమూ తీసుకోం.

రామకోటి పుస్తకం చెప్పిన సంగతి

అమ్మ రోజూ పొద్దున్నే రామకోటి రాస్తుంది. నిండిన పుస్తకాలు భద్రాచలం చేరతాయి. ఒకరోజు నాన్న ఆ పుస్తకం తెచ్చి చూపించారు. ముత్యాల్లాంటి అక్షరాలు గళ్లు దాటి కిందికి జారాయి. కొన్ని గళ్లలో సగం పేరే ఉంది. చేతిరాత మారితే వెంటనే చెప్పమని డాక్టరు గారు ముందే హెచ్చరించారు. కాలేయం వడకట్టలేని అమ్మోనియా లాంటి విషాలు మెదడుకు చేరితే మనిషి మసకబారిపోతారు. పగలు నిద్ర, రాత్రి మెలకువ, ఊరికే చిరాకు, తెలిసిన పేర్లు తట్టకపోవడం, చేతులు చాచి మణికట్టు పైకెత్తమంటే అరచేతులు రెక్కల్లా కొట్టుకోవడం దీని గుర్తులు. ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాం. నాలుగైదు రోజుల్లో తేరుకుంది.

ఈ స్థితిని దగ్గరికి రానివ్వకుండా ఉంచే మందుల్లో ముఖ్యమైనది లాక్టులోజ్ సిరప్. రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా మోతాదు సర్దుకోవాలి. ఈ విషయం పిల్లలతో మాట్లాడాలంటే అమ్మకు సిగ్గు. నాన్న గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెడతారు. ఒక్క గీత కూడా లేని రోజు నాకు ఫోన్ చేస్తారు. యాభై ఏళ్ల సంసారంలో ఆయన చేసిన సేవల్లో ఇంతకన్నా గొప్పది నేను చూడలేదు.

ఇక తిండి. ఉప్పు రోజుకు చెంచాడు, అంటే 5 గ్రాములు మించకూడదు. అది కూరలో వేసేదీ, ఇతరత్రా కలిసేదీ అన్నీ కలిపి. పొట్టలో నీరు పెరగకుండా ఉండాలంటే ఆవకాయ, వడియాలు, అప్పడాలు మానాల్సిందే. అమ్మ ఒక్కతికే చప్పిడి వడ్డించడం మాకు నచ్చక, ఇంటిల్లిపాదికీ ఒకటే వంట చేస్తున్నాం. చూడవచ్చినవాళ్లు మాత్రం పప్పు, గుడ్డు మానిపించమంటారు. అది పాత నమ్మకం. సిరోసిస్‌లో కండ కరిగిపోతుంది, కండ లేని ఒళ్లు పెద్ద ఆపరేషన్‌ను తట్టుకోలేదు. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. దెబ్బతిన్న కాలేయం పిండిపదార్థాన్ని సరిగా నిల్వ చేయలేదు కాబట్టి రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్లు కండనే కరిగించుకుంటుంది. అందుకే పడుకోబోయే ముందు రెండు ఇడ్లీలు, గ్లాసు పాలు. షుగరు మందు దానికి తగ్గట్టు డాక్టరే సర్దారు.

కామెర్లకు పసరు పోయిస్తామని ప్రేమగా వచ్చినవాళ్లకు చేతులు జోడించి వద్దన్నాం. కొన్ని మూలికలు మిగిలిన కాస్త కాలేయాన్నీ దెబ్బతీస్తాయి. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. జ్వరం, కడుపునొప్పి, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మతి తప్పడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

పిల్లలం ఇస్తామన్నాం

కాలేయంలో ముక్క తీసినా మళ్లీ పెరుగుతుంది. అందుకే బతికున్నవాళ్లూ దానం చేయొచ్చు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం, దానికి 2011లో వచ్చిన సవరణ ప్రకారం భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాత మామ్మలు, మనవలు దగ్గరి బంధువుల కిందికి వస్తారు. అన్నయ్యా నేనూ పరీక్షలు చేయించుకున్నాం. అన్నయ్య కాలేయంలోనూ కొవ్వు ఉంది. నాది బాగానే ఉన్నా, అమ్మకు చాలినంత భాగం తీస్తే నాకు మిగిలేది తక్కువ. దాతకు కనీసం 30 శాతం మిగలాలి. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం, "పిల్లల ఒళ్లు కోయించి నేను బతకాలా? పోనీలే తల్లీ" అని తల నిమిరింది. అన్నయ్య ఇప్పుడు తన కొవ్వు తగ్గించుకునే పనిలో ఉన్నాడు.

ఫోన్ మోగిన రాత్రి

దాత నుంచి తీసిన కాలేయాన్ని మామూలుగా 12 గంటల లోపు అమర్చాలి. ఖమ్మం నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. అందుకే ఆస్పత్రికి దగ్గర్లో గది అద్దెకు తీసుకున్నాం. తలుపు పక్కన సంచి సిద్ధంగా ఉంటుంది: రిపోర్టులు, ఆధార్, మందుల చీటీ, ఛార్జర్, రెండు జతల బట్టలు. ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి డబ్బు సంగతి ముందే తేల్చుకోవాలి. ఉస్మానియా ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కింద కాలేయ మార్పిడులు జరిగాయి. అలాంటి దారులన్నీ ఆస్పత్రిలోని అవయవ మార్పిడి కోఆర్డినేటర్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఒక రాత్రి ఫోన్ మోగింది. "ఏమీ తినిపించకుండా తీసుకురండి" అన్నారు కోఆర్డినేటర్. రక్తపరీక్షలు చేశారు, ఆపరేషన్ గౌను తొడిగారు. తెల్లవారుజామున సర్జన్ వచ్చి దాత కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని, పనికిరాదని చెప్పారు. ఇలా జరగొచ్చని ముందే చెప్పినా, నాన్న అక్కడే బెంచీ మీద కూలబడ్డారు. అమ్మ మాత్రం సర్జన్‌ను అడిగింది: "పోయినవాళ్లవి మిగతావైనా ఎవరికైనా పనికొచ్చాయా బాబూ?" దాత వివరాలు చెప్పకూడదు కాబట్టి ఆయన, వచ్చాయన్నట్టు తల ఊపారు.

ఆ రాత్రి ఇంకో ఆస్పత్రిలో ఇంకో కుటుంబం ఏ స్థితిలో ఉండి ఒప్పుకుందో ఆలోచించాను. బ్రెయిన్‌డెడ్ అని నలుగురు డాక్టర్లు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. కానీ మెదడు ఇక తిరిగి రాదు. ఆ గడియలో ఇంటివాళ్లను అవయవదానానికి ఒప్పుకుంటారా అని అడుగుతారు. దాత ఎప్పుడో ప్రతిజ్ఞ కార్డు తీసుకున్నా, కుటుంబం సంతకం పెట్టాకే ముందుకు కదులుతారు.

అమ్మ పేరు ఇంకా జాబితాలోనే ఉంది. ఆమెను ఆపరేషన్‌కు తట్టుకునే బలంతో, తన మాట తను చెప్పగలిగే తెలివితో నిలబెట్టడం మా ఇంటి పని. మిగతా సగం పని మీ ఇళ్లలో ఉంది. మీకు అవయవదానం చేయాలని ఉంటే అందరూ కలిసి అన్నం తినే పూట మీవాళ్లకు స్పష్టంగా చెప్పండి. వాళ్ల మనసులో మాటా అడగండి. ఆ రోజు రాకూడదనే అందరం కోరుకుంటాం. వస్తే మాత్రం, ఏం చేయాలో తోచక నిలబడ్డ మీవాళ్లకు మీరు చెప్పిన మాటే దారి చూపిస్తుంది.