పాతబండి – దోషనిర్ణయం

ఉద్దేశం

యంత్రం ఆగిపోయినప్పుడు భాగాలను మార్చడం కంటె కారణాన్ని కనుగొనడం ముఖ్యమని తెలియజేయడం, తరగతిలో చదివిన విజ్ఞానశాస్త్ర సూత్రాలు నిత్యజీవితంలో ఎలా ఉపకరిస్తాయో వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

నల్లమల కొండలకు పడమట, కుందూ నదీ పరీవాహక ప్రాంతంలో నంద్యాల పట్టణం ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది జిల్లా కేంద్రం. ఇక్కడినుంచి శిరివెళ్ళ మెట్ట మీదుగా ఆళ్ళగడ్డకు దాదాపు 40 కిలోమీటర్ల దూరం. ఒకవైపు కె.సి. కాలువ కింద పండే వరిమళ్ళు, మరొకవైపు నల్లరేగడి చేలు. ఈ ప్రాంతపు రైతుకు, పాలు పోసేవారికి, ఆళ్ళగడ్డలో రాతిని చెక్కే శిల్పికి మోటారు సైకిల్ విలాసవస్తువు కాదు, బతుకుతెరువుకు ఆధారం. కొత్త బండి కొనే స్తోమత లేక కొందరు, ఉన్నదానిపై మమకారంతో కొందరు ఇరవై ముప్పై ఏళ్ళనాటి బండ్లనే నడుపుతుంటారు. అటువంటి బండి పగలు ఆగితే ఒకనాటి సంపాదన పోతుంది. రాత్రివేళ రహదారిపై దాని దీపం ఆరితే ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది.

పాతబండ్లు పలు తరాలకు చెందినవి. 1955లో మద్రాసులో నెలకొన్న ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ బుల్లెట్‌ను మన దేశంలో తయారుచేసింది. మైసూరు కర్మాగారం నుంచి జావా, యెజ్డీ బండ్లు వచ్చాయి. గ్రామసీమలలో రాజదూత్ విశేషంగా తిరిగింది. 1985లో హీరో హోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100 రంగప్రవేశం చేశాయి. వీటి నిర్మాణంలో భేదాలున్నా, వీటిలో తలెత్తే దోషాలను గుర్తించే పద్ధతి మాత్రం ఒక్కటే.

ఆ పద్ధతికి మూలసూత్రం “ముందు పరీక్ష, తరువాత మార్పు”. శిల్పి ఉలి పట్టడానికి ముందు రాతిని సుత్తితో తట్టి చూస్తాడు. ధ్వని గంటలా మోగితే రాయి గట్టిది. మొద్దుగా పలికితే లోపల పగులున్నదని గ్రహిస్తాడు. యంత్రం విషయంలోనూ ఇదే వివేకం అవసరం. బండి కదలకపోగానే ప్లగ్గు, బ్యాటరీ, కాయిల్ వరుసగా మార్చుకుంటూ పోవడం రోగమొకటి మందొకటి అన్నట్లవుతుంది. డబ్బు ఖర్చవుతుంది, దోషం నిలిచే ఉంటుంది. ఒకేసారి రెండు భాగాలను మార్చి బండిని కదిలించినా, చెడినది ఏదో తెలియదు. కనుక ఒక్కొక్క అంశాన్నే పరీక్షించాలి, ఒక్కొక్కదాన్నే మార్చాలి.

విద్యుత్తు వలయంలా ప్రవహిస్తుంది. బ్యాటరీ నుంచి బయలుదేరి, ఫ్యూజు, స్విచ్చి, దీపం గుండా సాగి, తిరిగి బ్యాటరీని చేరితేనే ఆ వలయం పూర్తవుతుంది. మోటారు సైకిల్‌లో తిరుగుదారికి చాలావరకు ప్రత్యేకమైన తీగ ఉండదు. బండి ఇనుప చట్రమే ఆ పని చేస్తుంది. దీనినే మెకానిక్కులు ‘ఎర్త్’ అంటారు. వానకాలపు తేమ, పొలందారుల బురద, ఏళ్ళ తరబడి కలిగే కుదుపులు ఈ కలయికలను బలహీనపరుస్తాయి. పాతబండిలో విద్యుద్దోషాలు చాలావరకు భాగాలలో కాక వాటిని కలిపే అతుకులలోనే ఉంటాయి. తుప్పు పట్టిన బోల్టు, వదులైన క్లిప్పు, చట్రానికీ తీగకూ మధ్య మిగిలిన రంగుపూత చూడడానికి స్వల్పమైనవే. ఫలితం మాత్రం స్వల్పం కాదు.

ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. సాయంసంధ్యలో ఒక రైతు నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బయలుదేరాడు. హెడ్‌లైటు మసకగా వెలుగుతున్నది. ఎదురుగా వెనుక దీపం లేని గడ్డి ట్రాక్టరు పోతున్నా, దగ్గరకు వచ్చేదాకా కనబడదు. బ్యాటరీ పాతబడిందన్న అనుమానంతో అతడు కొత్తది కొన్నాడు, వెలుగు పెరగలేదు. ఇందుకు కారణాన్ని ఓమ్ 1827లో ప్రకటించిన నియమం వివరిస్తుంది. 12 వోల్టుల వద్ద 35 వాట్ల దీపం దాదాపు 2.9 ఆంపియర్ల విద్యుత్తును గ్రహిస్తుంది. వెలిగేటప్పుడు దాని నిరోధం సుమారు 4.1 ఓమ్‌లు. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు వద్ద అర ఓమ్ నిరోధం అదనంగా చేరిందనుకుంటే, దీపానికి అందే వోల్టేజి 10.7కు దిగజారుతుంది. తంతువు వేడి తగ్గినకొద్దీ వెలుగు అంతకంటె వేగంగా క్షీణిస్తుంది. ఆ విధంగా అర ఓమ్ నిరోధమే దారిలోని వెలుగులో దాదాపు మూడోవంతును హరిస్తుంది. అక్కడ కావలసినది కొత్త బ్యాటరీ కాదు; ఒక గరుకు కాగితం ముక్క.

ఈ దోషాన్ని కనుగొనడానికి మల్టీమీటరు ఉంటే చాలు. దీపం వెలుగుతుండగా మీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్త్ ధ్రువానికి, మరొక కొనను దీపపు హోల్డరు లోహభాగానికి ఆనించాలి. ఎర్త్ బాగుంటే మీటరు ఇంచుమించు సున్నాను చూపుతుంది. అర వోల్టుకు మించి చూపితే ఆ మార్గంలోనే లోపమున్నదని నిర్ధారించవచ్చు. బ్రేకు నొక్కినప్పుడు ఇండికేటరు మసకబారడం, ఒక దీపం వేస్తే మరొకటి మినుకుమనడం కూడా ఎర్త్ చెడినదనడానికి సూచనలే. అయితే కొన్ని బండ్లలో హెడ్‌లైటుకు విద్యుత్తు బ్యాటరీ నుంచి కాక, ఇంజన్‌లోని కాయిల్ నుంచి నేరుగా అందుతుంది. వాటిలో ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు వెలుగు తగ్గడం సహజం. దానిని దోషంగా భావించరాదు.

బ్యాటరీని పరీక్షించడమూ కష్టం కాదు. బాగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ విరామస్థితిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడు ఆ విలువ 13.5 నుంచి 14.5 వరకు పెరగాలి. పెరగకపోతే చార్జింగ్ కాయిల్‌నో, రెక్టిఫయర్‌నో, వాటిని కలిపే తీగలనో పరీక్షించాలి. 15 దాటితే బ్యాటరీకి అధికంగా చార్జి అందుతున్నదని అర్థం. లోపలి ద్రవం త్వరగా ఇంకిపోతుంది. నంద్యాల ప్రాంతపు వేసవి ఎండలకు ఆ ద్రవం మరింత వేగంగా తరుగుతుంది. అప్పుడు స్వేదనజలం మాత్రమే పోయాలి. బోరునీటిలోనూ కాలువనీటిలోనూ ఉండే లవణాలు లోపలి పలకలను పాడుచేస్తాయి. ధ్రువాలపై పేరుకొనే పొక్కును వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి, కొద్దిగా వాసెలిన్ పూయాలి.

ఇక ఇంజన్ అసలే స్టార్టు కాని సందర్భం. ఇంజన్‌కు ఇంధనం, గాలి, సకాలంలో నిప్పురవ్వ, తగిన ఒత్తిడి కావాలి. సులభమైన పరీక్షతోనే ప్రారంభించాలి. ట్యాంకులో పెట్రోలు ఉన్నదా, అది కార్బురేటరు దాకా వస్తున్నదా అని ముందుగా చూడాలి. తరువాత ప్లగ్గును విప్పి, దానికి క్యాప్ తగిలించి, ప్లగ్గు లోహభాగం ఇంజన్‌కు గట్టిగా తాకేటట్లు ఉంచి కిక్ కొట్టాలి. నీలికాంతితో బలమైన రవ్వ కనబడితే విద్యుత్ భాగం బాగున్నట్లే. పసుపురంగులో సన్నగా కనబడినా, అసలే కనబడకపోయినా లోపం అటువైపే ఉంది. ఈ పరీక్షలో ప్లగ్గును చేతితో పట్టుకోరాదు. వేల వోల్టుల విద్యుత్తు తాకుతుంది. చిందిన పెట్రోలు దగ్గర ఈ పరీక్ష చేయరాదు.

ఆ వేల వోల్టులు ఎక్కడివి? మారే అయస్కాంత క్షేత్రం తీగచుట్టలో విద్యుత్తును ప్రేరేపిస్తుందని 1831లో ఫారడే నిరూపించాడు. పాత బుల్లెట్, రాజదూత్, యెజ్డీలలో పాయింట్లు తెరుచుకొన్న క్షణాన కాయిల్‌లోని ప్రవాహం ఆగిపోతుంది. అయస్కాంత క్షేత్రం హఠాత్తుగా కూలిపోతుంది. వేల చుట్లున్న రెండవ తీగలో అధిక వోల్టేజి పుడుతుంది. పాయింట్ల మధ్య మెరుపు లేవకుండా కండెన్సరు కాపాడుతుంది. పాయింట్లు నల్లగా మాడుతుంటే కండెన్సరును అనుమానించాలి. పాయింట్ల ఎడం కూడా సరిగా ఉండాలి. బుల్లెట్‌లో అది 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజితో దీనిని కొలవాలి తప్ప కంటి అంచనాపై ఆధారపడరాదు.

ఫ్యూజు విషయంలో చాలామంది అపాయకరమైన పొరపాటు చేస్తారు. అది మాడిపోయినప్పుడు దాని స్థానంలో రాగితీగను చుట్టి బండిని నడుపుతారు. ఫ్యూజు కరగడం రోగం కాదు. రోగాన్ని తెలిపే హెచ్చరిక. ఎక్కడో తీగపై తొడుగు అరిగి చట్రాన్ని తాకుతున్నదని దాని అర్థం. హెచ్చరికను మూసివేస్తే పెట్రోలు ట్యాంకు కింద ఉన్న తీగలే నిప్పంటుకోవచ్చు.

విద్యుత్తుతో పాటు ఇతర భాగాల సంరక్షణ కూడా ముఖ్యమే. నూర్పిళ్ళ కాలంలో రేగే దుమ్ము ఎయిర్ ఫిల్టరును మూసివేసి, పెట్రోలు ఖర్చును పెంచుతుంది. అప్పుడు ప్లగ్గుపై పొడి మసి పేరుకుంటుంది. ప్లగ్గును మార్చినా కొద్దిరోజులకే మళ్ళీ నల్లబడుతుంది. రేగడి బురద ఎండి చైనును అరగదీస్తుంది. జావా, రాజదూత్ వంటి టూ స్ట్రోక్ బండ్లలో పెట్రోలుతో కలిసే ఆయిల్ పాళ్ళు తప్పితే ఇంజన్ పట్టివేస్తుంది. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదరాదు. పాత బ్రేకు షూలలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు.

ఈ పరీక్షలకు విలువైన పరికరాలు అక్కరలేదు. మల్టీమీటరు, ఫీలర్ గేజి, కొన్ని స్పానర్లు, గరుకు కాగితం, ఇవన్నీ పట్టే చిన్న సంచి చాలు. వాటికంటె ముఖ్యమైనది ఒకటుంది. అది తొందరపడక ప్రశ్నించే బుద్ధి. ఏది పనిచేస్తున్నది, ఏది పనిచేయడం లేదు, ఈ రెండింటి మధ్య ఏమున్నది అనే మూడు ప్రశ్నలు వేసుకొనేవాడు దోషాన్ని కనుగొంటాడు. తన శక్తికి మించిన పని అయినప్పుడు కూడా మెకానిక్కుకు లక్షణాలను స్పష్టంగా చెప్పగలుగుతాడు. కష్టార్జితం వృథా కాకుండా, చీకటిదారిలో ప్రాణాపాయం కలగకుండా కాపాడేది ఆ వివేకమే.

పదవిశేషాలు

పరీవాహక ప్రాంతం = నదిలోకి నీరు చేరే ప్రదేశం
స్తోమత = శక్తి, తాహతు
తంతువు = దీపంలోని సన్నని తీగ
స్వేదనజలం = ఆవిరిని చల్లార్చి పొందే శుద్ధజలం
క్షీణించు = తగ్గిపోవు

అభ్యాసం

1. “ముందు పరీక్ష, తరువాత మార్పు” అనే సూత్రాన్ని శిల్పి ఉదాహరణతో సమర్థించండి.
2. కొత్త బ్యాటరీ వేసినా రైతు బండి దీపం వెలుగు పెరగకపోవడానికి కారణమేమి?
3. ఫ్యూజుకు బదులు రాగితీగను చుట్టడం ఎందుకు అపాయకరం?
4. మీ ఇంటిలోని ఏదైనా ఒక యంత్రం పనిచేయకపోతే దోషాన్ని ఏ క్రమంలో కనుగొంటారో ఒక పుటకు మించకుండా రాయండి.