దోషసూచక పుటల రూపకల్పన: కోనసీమ జిల్లా ఏర్పాటు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: కోరిన పుట లభించనప్పుడు వెబ్‌సైటు ఇచ్చే సమాధానం ఎలా ఉండాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ పుట మారిందా, తొలగిందా, తాత్కాలికంగా అందడం లేదా అన్నది నిజాయితీగా చెప్పడమే రూపకల్పనకు మూలమని, అలంకరణ ఆ తరువాతిదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎర్రర్ పేజీ, సంకేతసంఖ్య, చిరునామా, లిప్యంతరీకరణ, కోనసీమ.

1. ఉపోద్ఘాతం

దోషసూచక పుటను వాడుకలో ఎర్రర్ పేజీ అంటారు. దానిపై 404 అనే అంకె, ఒక ఇంగ్లీషు వాక్యం తప్ప మరేమీ లేకపోతే పాఠకుడు తానే తప్పు చేశాననుకొని వెనుదిరుగుతాడు. ఉపకారవేతన దరఖాస్తుకు గడువు ముగియవస్తున్న విద్యార్థికైనా, ఆధారాన్ని సరిచూసుకొంటున్న పరిశోధకుడికైనా అది చిన్న నష్టం కాదు. చిరునామాలు ఒక్కసారిగా మారే సందర్భాల్లో ఈ సమస్య తీవ్రత బయటపడుతుంది. జిల్లాల పునర్విభజన అటువంటి సందర్భం.

2. పేరు, పరిధి, చిరునామా

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. పూర్వపు తూర్పు గోదావరి నుండి అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా, కాకినాడ కేంద్రంగా కాకినాడ జిల్లా ఏర్పడ్డాయి. తూర్పు గోదావరి అనే పేరు రాజమహేంద్రవరం కేంద్రమైన జిల్లాకు మిగిలింది. అందులో పూర్వపు పశ్చిమ గోదావరికి చెందిన కొవ్వూరు, నిడదవోలు ప్రాంతాలు చేరాయి. అదే ఏడాది ఆగస్టులో కోనసీమ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా మారింది.

ఇటువంటి మార్పుల వల్ల రెండు చిక్కులు కలుగుతాయి. మొదటిది, పాత లింకు పనిచేయకపోవడం. రెండవది, పాత పేరుతోనే వేరొక పరిధి కొనసాగడం. రాజోలు వాసి పాత లింకు ద్వారా వెళ్ళి, ఇప్పుడు తనది కాని జిల్లా సమాచారాన్ని తనదిగా చదువుకొనే అవకాశం ఉంది. ఇక్కడ దోషం కనబడదు, కాబట్టి హాని ఎక్కువ. ఇటువంటి చోట ఎర్రర్ పేజీ కనిపించడమే మేలు.

3. సంకేతసంఖ్యలు చెప్పే నిజం

సర్వరు ప్రతి కోరికకూ ఒక సంకేతసంఖ్యతో సమాధానమిస్తుంది. 301 అంటే పుట శాశ్వతంగా కొత్త చిరునామాకు మారిందని అర్థం. బ్రౌజరు పాఠకుణ్ణి అక్కడికి చేరుస్తుంది. 410 అంటే దానిని బుద్ధిపూర్వకంగా తొలగించారని, తిరిగి రాదని భావం. 503 తాత్కాలిక అంతరాయాన్ని తెలుపుతుంది; మళ్ళీ ఎప్పుడు ప్రయత్నించాలో కూడా సర్వరు సూచించవచ్చు. 404 అర్థం పుట దొరకలేదని మాత్రమే. అది తాత్కాలికమో శాశ్వతమో ఆ సంఖ్య చెప్పదు.

కొన్ని వెబ్‌సైటులు పుట లేదని తెరపై రాస్తూనే, అంతా సవ్యమని తెలిపే 200 సంఖ్యను పంపుతాయి. అప్పుడు శోధనయంత్రాలు ఆ ఖాళీ పుటను నిజమైన పుటగా లెక్కించే ప్రమాదముంది. మరికొన్ని ప్రతి తప్పు చిరునామాను ముఖపుటకు మళ్ళిస్తాయి. తాను కోరినది ఏమైందో పాఠకుడికి తెలియదు.

మంచి చిరునామాలు మారవని టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే వాదించారు. ఇది కళాశాలలకూ వర్తిస్తుంది. న్యాక్‌కు సమర్పించే స్వీయ అధ్యయన నివేదికలో ఆధారపత్రాలకు కళాశాల వెబ్‌సైటు లింకులు ఇస్తారు. వెబ్‌సైటును కొత్తగా నిర్మించినప్పుడు పాత లింకులకు 301 ఏర్పాటు చేయకపోతే, పత్రాలు ఉండి కూడా లేనట్లే అవుతాయి.

4. భాష, లిపి, అన్వేషణ

ఎర్రర్ పేజీలోని శోధనపెట్టె స్థానిక నామాల రూపభేదాలను గుర్తించాలి. రాజోలును ఇంగ్లీషులో ‘జెడ్’తో రాయడం స్థిరపడింది, ఉచ్చారణను అనుసరించేవారు ‘జె’ వాడవచ్చు. కొత్తపేటలోని ‘త్త’ను రెండు ‘టి’లతో రాయాలా, ‘టి’ పక్కన ‘హెచ్’ చేర్చాలా అన్న సందిగ్ధం ఉంది. పైగా గుంటూరులోనూ హైదరాబాదులోనూ కొత్తపేటలున్నాయి. కనుక ఊరి పేరుతోపాటు జిల్లానూ అడగాలి.

తెలుగు లిపి చిరునామాలకు మరొక చిక్కుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘రాజోలు’లో అక్షరాలు, గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలు. చిరునామాలో శాతం గుర్తులతో మార్చి రాసినప్పుడు అవి 54 గుర్తులవుతాయి. ఇంత పొడవైన లింకు సందేశాల్లో మధ్యలో తెగిపోవచ్చు. అలా తెగిన లింకుతో వచ్చిన పాఠకుణ్ణి తప్పుపట్టే వాక్యం పుటలో ఉండరాదు. ఈ కింది నమూనా సరిపోతుంది:

“మీరు కోరిన పుట ఈ చిరునామాలో లేదు. లింకు తెగిపోయి ఉండవచ్చు. 2022 ఏప్రిల్ తరువాత సమాచారం కొత్త జిల్లా వెబ్‌సైటుకు మారి కూడా ఉండవచ్చు. మండలం పేరుతో వెతకండి, లేదా గ్రామ సచివాలయంలో అడగండి.”

5. పరిమితి

సర్వరును చేరగలిగినప్పుడే దాని ఎర్రర్ పేజీ కనిపిస్తుంది. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పుపై జరిగిన అల్లర్ల తరువాత అంతర్జాల సేవలను నిలిపివేశారు. అటువంటప్పుడు కనిపించేది బ్రౌజరు సొంత సందేశమే. ముందుగా ఫోనులో భద్రపరచిన పుటలను చూపే ఏర్పాటు కొంతవరకు ఉపకరిస్తుంది. అయితే అత్యవసర సేవలకు కార్యాలయం చిరునామా, ఫోను సంఖ్య కాగితంపైనా లభించాలి.

6. ముగింపు

1. మారిన పుటకు 301, తొలగించిన పుటకు 410, తాత్కాలిక అంతరాయానికి 503 వాడాలి. ఏదీ తెలియనప్పుడే 404 మిగలాలి.
2. పేరు అదే ఉండి పరిధి మారినచోట ఆ విషయాన్ని పుటపైనే, తేదీతో సహా తెలపాలి.
3. సందేశం తెలుగులో, నిందలేని వాక్యాలతో, చేయదగిన తరువాతి పనితో ఉండాలి.
4. ఏయే పాత చిరునామాలను ఎక్కువమంది కోరుతున్నారో సర్వరు నమోదులను బట్టి గమనిస్తూ వాటిని సరిదిద్దుతుండాలి.