నీళ్ళు తక్కువైనా నిలబడే పెరటి తోట

"న్యూజెర్సీలో కరువేమిటండీ, కరువంటే మీ అనంతపురంలో కదా!" అని స్నేహితులు నన్ను ఆటపట్టిస్తుంటారు. నిజమే, మా సొంత జిల్లా అనంతపురం. అక్కడ ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అంటే 22 అంగుళాలు. మా ఎడిసన్‌లో దానికి రెట్టింపు పైనే పడుతుంది. అయినా 2024 అక్టోబరులో న్యూజెర్సీలో దాదాపు వానే లేదు. 1895 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడి నెల మరొకటి లేదు. ఆ అక్టోబరులో రాష్ట్రమంతటా డ్రాట్ వాచ్, నవంబరు 13న డ్రాట్ వార్నింగ్ ప్రకటించారు. 2022 ఆగస్టులో కూడా డ్రాట్ వాచ్ వచ్చింది. 2002 మార్చిలో అయితే ఏకంగా ఎమర్జెన్సీయే పెట్టారు. వాచ్, వార్నింగ్ దశల్లో నీళ్ళు పొదుపు చేయండని అడుగుతారు. ఎమర్జెన్సీ వస్తే పెరట్లో పైపు పట్టుకోవడానికి కూడా ఆంక్షలుంటాయి.

మన వాళ్ళకి ఇంకో కరువు ఉంది, ప్రతి ఏడాదీ తప్పనిది: ఇండియా ట్రిప్! పిల్లలకి స్కూలు సెలవులివ్వగానే మూడు నాలుగు వారాలు ఇల్లు తాళం. మే నెలలో అమ్మానాన్నలు ఓపిగ్గా నాటిన మొక్కలు సరిగ్గా జూలై ఎండల్లో దిక్కులేనివవుతాయి. పక్కింటి వాళ్ళని రోజూ వచ్చి నీళ్ళు పోయమనడానికి మొహమాటం. అందుకే నీటి ఎద్దడికి తట్టుకునే మొక్కల గురించి నాలుగు మాటలు రాద్దామనిపించింది.

తట్టుకోవడం అంటే ఏమిటి?

నీళ్ళు అక్కర్లేని మొక్క ఏదీ లేదు. గోరుచిక్కుడు, అలసంద లాంటివి వేరుని లోతుకి దింపి అడుగు తేమని తాగుతాయి. తోటకూర, జొన్న, కొర్ర లాంటివి వేడిలో తక్కువ నీళ్ళతో ఎక్కువ పిండిపదార్థం తయారుచేసుకోగలవు. వీటిని శాస్త్రవేత్తలు సీ-4 మొక్కలంటారు. కలబంద, నాగజెముడు లాంటివి పగలు ఆకురంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రిపూట గాలి పీల్చుకుంటాయి.

ఈ శక్తులన్నీ మొక్క కుదురుకున్నాకే పనిచేస్తాయి. విత్తనం వేసిన మొదటి ఆరు వారాలూ గోరుచిక్కుడైనా పసిపిల్లే. వారానికి రెండుసార్లయినా తడి ఇవ్వాలి. ఆ తర్వాత వారానికి ఒక్కసారి, కానీ లోతుగా. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పై అంగుళంలోనే తిరుగుతాయి. మనం ఊరెళ్ళిన వారంలోనే ఆ అంగుళం ఎండిపోతుంది. ట్రిప్ జూలైలో ఉంటే మే మధ్యలో విత్తడం అందుకే ముఖ్యం. ఎడిసన్‌లో అప్పటికి మంచు భయం పోయి నేల వేడెక్కుతుంది.

ఏవి వేయాలి?

గోరుచిక్కుడు: నా ఓటు మొదట దీనికే. వేడి ఎంత ఉంటే అంత సంతోషం. పప్పుజాతి మొక్క కాబట్టి గాలిలోని నత్రజనిని వేరుబుడిపెల ద్వారా తానే సంపాదించుకుంటుంది, ఎరువు పెద్దగా అడగదు. ఐస్‌క్రీమ్ డబ్బా మీద 'గ్వార్ గమ్' అని చూస్తుంటారే, అది దీని గింజల నుంచి తీసిన జిగురే.

అలసంద: ఇది కూడా పప్పుజాతే. లేత కాయ కూరకి, ముదిరిన గింజ గారెలకి.

గోంగూర: తల్లివేరు దిగాక ఎండని లెక్కచేయదు. పైగా దీనికి ఎడిసన్‌లో ఒక సౌకర్యం ఉంది. గోంగూర పగలు కురచయ్యాకే పూతకొస్తుంది. మన ఊళ్ళో జూన్‌లో అతి పెద్ద పగలు సుమారు 13 గంటలు, ఇక్కడ 15. అందుకని ఇక్కడి వేసవంతా పూత జోలికి పోకుండా ఆకు మీద ఆకు వేస్తుంది. అక్టోబరులో పూత మొదలయ్యేసరికి మంచు పడుతుంది కాబట్టి విత్తనం కట్టడం మాత్రం కష్టం.

బెండ: కుదురుకుంటే తట్టుకుంటుంది. నీరు మరీ తగ్గితే కాయ తొందరగా పీచెక్కుతుంది, అంతే.

గంగవాయిలి కూర: దీన్ని మీరు వేయక్కర్లేదు, డ్రైవ్‌వే పగుళ్ళలో అదే మొలుస్తుంది! ఇక్కడ దీన్ని కలుపు అని పీకేస్తారు. మామూలుగా సీ-4 పద్ధతిలో పెరిగే ఈ మొక్క నీరు తగ్గితే కలబంద పద్ధతిని కూడా అదే ఆకులో జతచేసుకుంటుందని 2022లో యేల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చూపించారు. ఒక జాగ్రత్త: దీన్ని పోలిన ఇంకో కలుపు నేలమీద పాకుతూ పెరుగుతుంది. తుంచితే పాలు కారితే అది గంగవాయిలి కాదు, తినకూడదు. అలాగే కలుపుమందు చల్లిన చోట కోయవద్దు.

కరివేపాకు: ఇక్కడ కుండీలోనే పెంచాలి, చలికాలం ఇంట్లోకి తేవాలి. అప్పుడు ఎక్కువ నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. నిమ్మజాతి చెట్ల తెగులుని మోసే పురుగు దీని మీద కూడా బతుకుతుంది కాబట్టి ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల నుంచి మొక్కలు తేవడానికి ఆంక్షలున్నాయి. ఇండియా నుంచి ఆకు గానీ మొక్క గానీ సూట్‌కేసులో పెట్టుకు రావద్దు. విత్తనాలకి కూడా సర్టిఫికెట్టో పర్మిటో ఉండాలి.

ఇక సొర, బీర, టమాటా దప్పిక మొక్కలు. సొరకాయ ఆకు చూస్తేనే తెలుస్తుంది, అంత వెడల్పు ఆకు నుంచి ఎంత నీరు ఆవిరవుతుందో! టమాటాకి ఓ వారం ఎండగట్టి ఓ వారం ముంచితే కాయలోకి కాల్షియం సరిగ్గా చేరక అడుగు నల్లబడి కుళ్ళుతుంది. ఇవి వద్దనను గానీ, అన్నిటినీ ఒకే చోట దగ్గరగా పెట్టుకోండి. ఊరెళ్ళినప్పుడు ఆ ఒక్క మడికి టైమర్ పెట్టి డ్రిప్ ఇస్తే చాలు.

నీళ్ళ లెక్క

ఇంజనీర్లం కదా, కాస్త లెక్క చూద్దాం. కూరగాయలకి వానతో కలిపి వారానికి ఒక అంగుళం నీరు కావాలంటారు. వంద చదరపు అడుగుల మడికి ఒక అంగుళం అంటే 62 గ్యాలన్లు. మీ పైపు కింద ఐదు గ్యాలన్ల బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. ఒక నిమిషం పట్టిందంటే ఆ మడికి పన్నెండున్నర నిమిషాలు చాలు.

ఇప్పుడు కప్పు వైపు చూడండి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే 623 గ్యాలన్లు! గొట్టం కింద 55 గ్యాలన్ల రెయిన్ బారెల్ పెడితే ఒక్క వానకే నిండి పొర్లుతుంది. ఆ నీటిని మొక్కల మొదళ్ళకే వాడండి. కప్పు మీది దుమ్ము, రెట్టలు అందులో ఉంటాయి కాబట్టి తినే ఆకుల మీద పోయవద్దు.

నాన్నల కాలం పద్ధతులు

మొక్క చుట్టూ పాదు చేయడం మన వాళ్ళకి కొత్త కాదు. పోసిన నీరు పక్కకి పోకుండా వేరు దగ్గరే దిగుతుంది. ఎత్తుగా కట్టిన చెక్క మడులు చూడ్డానికి బాగుంటాయి గానీ, నేల మీది మడి కంటే త్వరగా ఎండుతాయి. మా నాన్న శనగచేనులో గుంటక తోలించేవారు. కలుపు పోవడంతో పాటు పైమట్టి గుల్లయి అడుగు తేమ నిలిచేది. ఇక్కడ ఆ పని మల్చ్ చేస్తుంది. ఆకురాలు కాలంలో అందరూ రోడ్డు పక్కన పోసే ఆకుల్ని ముక్కలు చేసి దాచుకుని, వేసవిలో మొక్కల మధ్య మూడు అంగుళాల మందాన పరవండి. మొదలుకి మాత్రం తగలనీయవద్దు.

ఇంకో పాత ఉపాయం: మెరుగు పూయని మట్టికుండని మెడ దాకా పాతి, నీళ్ళు నింపి మూత పెట్టడం. చుట్టూ మట్టి ఎండినకొద్దీ నీరు ఊరుతుంది. అడుగు చిల్లు మూసేస్తే మామూలు టెర్రకోట కుండీ కూడా పనికొస్తుంది. చలికాలానికి ముందే తవ్వి తీయండి, లేకపోతే గడ్డకట్టి పగులుతుంది.

ముందు పెరడు

అమెరికాలో సగటున ఇంటి నీటిలో 30 శాతం దాకా ఇంటి బయటి వాడకానికే పోతుందని ఈపీఏ లెక్క. ఇక్కడి లాన్ గడ్డి చలికాలపు రకం. జూలైలో గోధుమరంగుకి తిరిగితే చాలామటుకు నిద్రపోతోందని అర్థం, సెప్టెంబరు చల్లదనానికి మళ్ళీ లేస్తుంది. దానికి రోజూ నీళ్ళు పెట్టి మేల్కొలపక్కర్లేదు.

కొంత లాన్ తీసేద్దామనుకుంటే స్థానిక మొక్కలున్నాయి. న్యూజెర్సీకి సొంత నాగజెముడు ఉందంటే నమ్ముతారా? మంచులో ముడుచుకుపోయి వేసవిలో పసుపు పూలు పూస్తుంది. మన జిల్లేడు కుటుంబానికే చెందిన బటర్‌ఫ్లై వీడ్ నారింజ రంగు పూలతో సీతాకోకచిలుకల్ని పిలుస్తుంది. అయితే మా వైపు లాంటి బంకమట్టిలో ఇలాంటి మొక్కల్ని చంపేది ఎండ కాదు, చలికాలపు తడి. నీరు నిలవని మెరక చోటు చూసి నాటండి. రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబ్‌లో కొద్దిపాటి ఫీజుకి మట్టి పరీక్ష చేస్తారు. ముందు అది చేయించుకోవడం మంచిది.

ఈ ఏడాదికి ఒక్క మడితో మొదలుపెట్టండి. సగం గోరుచిక్కుడు, సగం గోంగూర చాలు. ఆరు వారాలు శ్రద్ధగా చూసుకుని, మల్చ్ పరిచి, బయల్దేరే ముందు రోజు లోతుగా తడిపి విమానం ఎక్కండి. మీరు తిరిగొచ్చేసరికి పచ్చడికి సరిపడా ఆకు ఉంటుంది. మిగిలింది పక్కింటి వాళ్ళకివ్వండి, ఈసారి నీళ్ళు పోయమని అడగలేదు కాబట్టి మొహమాటం కూడా ఉండదు!