సున్నా దొరక్కపోతే

“స్ట్ర్‌కాపీ ప్రమాదమని విని, మా పాత సీ కోడంతా స్ట్ర్‌ఎన్‌కాపీకి మార్చేశాం. ఇక భయం లేదుగా?” అని ఒక పాఠకుడు అడిగారు. ఉంది! ఎందుకుందో చెప్పే అవకాశం వదులుకోలేను.

సీలో స్ట్రింగ్ పొడవు ఎక్కడా రాసి ఉండదు. అక్షరాలు అయిపోయాక ఒక సున్నా బైటు ఉంటుంది, అంతే. అది తగిలేదాకా స్ట్ర్‌కాపీ కాపీ చేస్తూనే పోతుంది. అవతల చోటుందో లేదో చూడదు. అలాగే హద్దు చూడని గెట్స్ ఫంక్షన్‌ను పట్టుకుని 1988లో మోరిస్ వర్మ్ అనే, నెట్‌వర్క్‌లో పాకే ప్రోగ్రాం 512 బైట్ల బఫర్‌లోకి 536 బైట్లు కుక్కింది.

స్ట్ర్‌ఎన్‌కాపీకి హద్దు చెప్పొచ్చు. కానీ అది పుట్టిందే వేరే పనికి! తొలినాటి యూనిక్స్ డైరెక్టరీలో ఒక్కో ఫైలు పేరుకి 14 బైట్ల గడి. పేరు పొట్టిదైతే మిగతా గడిని సున్నాలతో నింపాలి. 14 బైట్లూ నిండితే సున్నాతో పనిలేదు, గడి వెడల్పు ఎలాగూ తెలుసు. స్ట్ర్‌ఎన్‌కాపీ ఈనాటికీ అచ్చంగా ఆ పనే చేస్తోంది. ‘తెలుగు’ అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు. 18 బైట్ల బఫర్‌లోకి పంపండి: సున్నాకి చోటుండదు, ఎర్రరూ రాదు, తర్వాత ప్రింట్‌ఎఫ్ పక్క మెమరీలోకి చదువుకుంటూ పోతుంది. 1024 బైట్లు ఇస్తే 1006 సున్నాలు ఓపిగ్గా రాస్తుంది. పేరులో ‘ఎన్’ చూసి దీన్ని సురక్షితమని నమ్మిన ప్రోగ్రామర్లు తరాల కొద్దీ ఉన్నారు.

1998లో ఓపెన్‌బీఎస్‌డీకి చెందిన టాడ్ మిల్లర్, థియో డి రాట్ స్ట్ర్‌ఎల్‌కాపీ తెచ్చారు. ఇది సున్నా తప్పక పెడుతుంది. 16 బైట్ల బఫర్ ఇస్తే ‘తెలుగ’ దగ్గర కోసి, 18 అని జవాబిస్తుంది. కోత పడిందని మనకి తెలుస్తుంది. అయితే ఆ 18 లెక్కపెట్టడానికి మూలాన్ని చివరిదాకా చదవాలి. మూలంలోనే సున్నా లేకపోతే? మళ్ళీ అదే పరుగు! లినక్స్ కెర్నెల్‌లో 2015లో చేరిన స్ట్ర్‌ఎస్‌కాపీ ఇచ్చిన హద్దు దాటి వెతకదు. కోత పడితే రుణ సంఖ్య ఇస్తుంది. తమాషా చూడండి: స్ట్ర్‌ఎల్‌కాపీని ఏళ్ళ తరబడి వద్దన్న సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2023లో దాన్ని చేర్చుకుంది, మరుసటి ఏడే కెర్నెల్ దాన్ని పూర్తిగా తీసిపారేసింది.

ఇక వాడకం సంగతి. ఫైండ్-రీప్లేస్‌తో తేలే పని కాదిది. ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిచోటా కావలసింది స్ట్రింగా, గడా అని చూసుకోవాలి. కోత పడిందో లేదో చెప్పే జవాబునైతే ఎవరూ చూడరు. కోసేసిన ఫైలు పేరుతో ఇంకో ఫైలు ఉంటే, ప్రోగ్రాం నిక్షేపంగా దాన్నే చెరిపేస్తుంది.